క్లబ్ స్టేజి నుంచి సొంత సినిమాకి: పాడేవాళ్ళు ఎక్కడ మొదలుపెట్టాలి

రాత్రిళ్ళు క్లబ్బుల్లో పాడుతూ, ఎప్పటికైనా ఒక సినిమా తీయాలని మనసులో పెట్టుకున్నవాళ్ళ కోసం ఇది రాస్తున్నాను. నేను చాలా ఏళ్ళు బ్యాండుతో పాడాను. ఇప్పుడు సొంతంగా సినిమాలు తీస్తున్నాను. ఈ దారి గురించి అడగడానికి వచ్చే సింగర్లందరూ మొదట కెమెరా గురించే అడుగుతారు. ఏది కొనాలి, ఏ లెన్స్ మంచిది అని. ముందు మీ చెవి సంగతి చూసుకోమని చెబుతాను. కొత్తగా సినిమా తీసేవాళ్ళు చాలామంది చివరిదాకా పట్టించుకోని సౌండు మీకు రోజూ చేసే పని. జనం ఎప్పుడు వింటున్నారో, ఎప్పుడు మాటల్లో పడిపోయారో అటు చూడకుండానే మీకు తెలిసిపోతుంది. డబ్బు పెట్టి ఏ కోర్సులో చేరినా అది రాదు. మీ సినిమాని దాని మీదే కట్టుకోండి.

పాడటం మానకండి

సినిమా అనగానే చేస్తున్న పని వదిలేసి దూకాలనిపిస్తుంది. వద్దు. క్లబ్బు డబ్బు చిన్నదైనా చేతికి వెంటనే వచ్చేది. వారంలో ఒక రాత్రి పేమెంటుని విడిగా ఒక అకౌంట్లో వేస్తూ పోండి. ఏ రాత్రిదో ముందే అనుకోండి. శుక్రవారం అనుకుంటే ప్రతి శుక్రవారం. నెలాఖరున మిగిలింది వేద్దాంలే అంటే ఏమీ మిగలదు. ఆ అకౌంట్లో ఎంత చేరితే అంతకు సరిపడా సినిమా రాసుకోండి. ముందు కథ రాసి తర్వాత డబ్బు వెతుక్కునే పద్ధతిలో మొదటి సినిమా ఏళ్ళ తరబడి కాగితం మీదే ఉండిపోతుంది.

క్రిస్టఫర్ నోలన్ మొదటి ఫీచర్ ‘ఫాలోయింగ్’ 1998లో వచ్చింది. అందులో పనిచేసినవాళ్ళకి వేరే ఉద్యోగాలు ఉండటంతో వారాంతాల్లో, దాదాపు ఏడాది పాటు తీశారు. ఫిల్ము ఖరీదు కాబట్టి సీన్లన్నీ బాగా రిహార్సల్ చేసుకుని ఒకటి రెండు టేకుల్లో ముగించారు. బ్యాండుతో పెరిగినవాళ్ళకి ఈ పద్ధతి బాగా నప్పుతుంది. రిహార్సల్ రూములో తేల్చుకోవాల్సినవి స్టేజి మీదికి తేకూడదని మనకి ముందే తెలుసు కదా.

టైము విషయంలో మాత్రం జాగ్రత్త. రాత్రి రెండింటికి స్టేజి దిగి, పొద్దున ఆరింటికి షూటింగ్ పెట్టుకోకండి. గొంతూ పోతుంది, బుర్రా పనిచెయ్యదు. మీ యూనిట్ అంతా మధ్యాహ్నం ఒంటిగంటకి వచ్చేలా కాల్ షీటు వేసుకోండి. ఆ వేళకి క్లబ్ ఖాళీగా ఉంటుంది. కిటికీలు ఉండవు కాబట్టి పట్టపగలే రాత్రి సీన్లు తీసుకోవచ్చు. స్టేజి, లైట్లు, బార్, మెట్లు, కిచెన్ వెనక కారిడార్, మేకప్ రూము అన్నీ ఒకే కప్పు కింద ఉంటాయి. బయటివాళ్ళు అద్దె కట్టినా దొరకని లోకేషన్ అది. మేనేజర్ మీకు బాగా తెలిసినా సరే, ఒక పేజీ కాగితం రాసుకోండి: ఏ తేదీలు, ఎన్ని గంటలు, ఏదైనా పగిలితే ఎవరు భరించాలి, క్లబ్ పేరున్న బోర్డు చూపించొచ్చా లేదా. రేపు మేనేజర్ మారితే ఆ కాగితమే మిమ్మల్ని కాపాడుతుంది.

మొదటి కథ

మీ జీవితం మొత్తం మొదటి సినిమాలో పెట్టకండి. ఒక్క రాత్రి తీసుకోండి. అందులో కూడా స్టేజి మీద రెండో సెట్టుకీ మూడో సెట్టుకీ (ఒక విడతలో వరసగా పాడే పాటలే సెట్టు) మధ్య ఉండే ఇరవై నిమిషాలు చాలు. ఆ ఇరవై నిమిషాల్లో ఏమేం జరుగుతాయో బయటి రచయితలకి తెలియదు. చెప్పు విప్పి మడమకి ప్లాస్టర్ వేసుకోవడం, గోరువెచ్చటి నీళ్ళు, డ్రమ్మర్ ఇంటికి ఫోన్ చేసి పిల్లవాడికి జ్వరం తగ్గిందా అని అడగడం, డబ్బు రేపిస్తానని మేనేజర్ అనడం, ఎవరో కస్టమర్ పంపిన చీటీ. వీటిలో ఒకదాన్ని పట్టుకుని, ఆ పాత్రకి మూడో సెట్టు మొదలయ్యేలోపు తేలాల్సిన విషయం ఒకటి ఇవ్వండి. టెన్షన్ దానంతటదే వస్తుంది, ఎందుకంటే స్టేజి ఎవరికోసమూ ఆగదు.

ఇక్కడ ఒక మాట చెప్పకుండా ఉండలేను. సినిమాల్లో క్లబ్ పాట వచ్చిందంటే విలన్ డెన్‌లోకి వచ్చామని గుర్తు. ఆ పాడే అమ్మాయికి పేరు ఉండదు, ఇల్లు ఉండదు, పాట అయ్యాక ఏమైందో ఎవరూ చూపించరు. లేదంటే ఆమెని చూసి జాలిపడాలి. కానీ అది ఒక ఉద్యోగం. శ్రుతి, శ్వాస, జ్ఞాపకశక్తి, ఓర్పు అన్నీ కావాలి. పాతిక మంది అరుస్తున్న గదిలో మూడో అంతరా తప్పకుండా పాడటం నైపుణ్యం. ఆ పనిని పనిగా చూపించండి. మీరు చూపించకపోతే ఇంకెవరూ చూపించరు.

అలాగే, క్లబ్బులో మీరు విన్నవీ చూసినవీ ఇతరుల రహస్యాలు. వాళ్ళని గుర్తుపట్టేలా మీ కథలో పెట్టకండి. వయసు, ఉద్యోగం, సంఘటన జరిగిన క్రమం అన్నీ మార్చి, మీకు అనిపించినదాన్ని మాత్రం ఉంచుకోండి.

నిడివి విషయానికొస్తే, ఆస్కార్ అవార్డులిచ్చే అకాడమీ నియమాల ప్రకారం టైటిల్స్‌తో కలిపి 40 నిమిషాల లోపు ఉన్నదంతా షార్ట్ ఫిల్మే. కానీ ఫెస్టివల్స్‌లో చిన్న సినిమాలు కొన్నిటిని కలిపి ఒకే షోగా వేస్తారు. 35 నిమిషాల సినిమా మూడు సినిమాల చోటు తీసుకుంటుంది. ఎంపిక చేసేవాళ్ళకి అది కష్టమైన నిర్ణయం. 12 నిమిషాల్లో చెప్పగలిగితే 12 నిమిషాల్లోనే చెప్పండి.

స్క్రిప్టు ఆర్డర్ కుదరకపోతే సెట్ లిస్టు రాసుకున్నట్టే రాయండి. జనం ఇంకా కుర్చీలు సర్దుకుంటున్నప్పుడు మీ మంచి పాట ఖర్చు చెయ్యరు. రెండు నెమ్మది పాటలు పక్కపక్కన పెట్టరు. ఒకే శ్రుతిలో వరసగా నాలుగు పాడరు. సీన్లకి కూడా ఇవే లెక్కలు. ఒక్కో సీనుని ఒక్కో కార్డు మీద రాసి, పక్కన వేగం, గొంతు స్థాయి రాసుకోండి: నెమ్మది, గుసగుస; వేగం, అరుపు; వేగం, నిశ్శబ్దం. కార్డులు వరసగా పేర్చి చూస్తే ఎక్కడ చప్పబడిందో ఇట్టే తెలుస్తుంది.

సౌండు

అన్నిటికంటే ఎక్కువ శ్రద్ధ ఇక్కడ పెట్టండి. అస్పష్టమైన బొమ్మని జనం క్షమిస్తారు, కాస్త గ్రెయిన్ (గరుకు చుక్కలు) ఉంటే స్టైలేమో అనుకుంటారు. మాట వినబడకపోతే లేచి వెళ్ళిపోతారు.

ముందు రికార్డరులో ఒక చిన్న సెట్టింగు: శాంపిల్ రేటు, అంటే సెకనుకి ఎన్నిసార్లు శబ్దాన్ని కొలుస్తుందన్నది. సీడీ పాటలు 44.1 కిలోహెర్ట్‌జ్‌లో ఉంటాయి. సినిమాకి 48 కిలోహెర్ట్‌జ్, 24 బిట్ పెట్టుకోండి. కీబోర్డు ప్లేయర్ పంపే ట్రాకులు కూడా అదే లెక్కలో అడగండి. బూమ్ మైకుని (పొడవాటి కర్ర చివర బిగించే మైకు) ఫ్రేము అంచుకి ఎంత దగ్గరగా తేగలిగితే అంత దగ్గరగా, పైనుంచి నోటి వైపు తిప్పి పట్టుకోమనండి. కెమెరా మీద బిగించిన మైకు ఎంత ఖరీదైనదైనా దూరంగా ఉంటే గది ప్రతిధ్వనే వస్తుంది. స్టేజి మీద మైకు నోటికి నాలుగు వేళ్ళు దూరం జరిగితే ఏమవుతుందో మీకు ఎవరూ చెప్పక్కర్లేదు.

ఖాళీ క్లబ్బులో కూడా నిశ్శబ్దం ఉండదు. బార్ వెనక ఫ్రిజ్జులు, ఐస్ మెషిన్, ఏసీ, కిచెన్ ఎగ్జాస్ట్, లైట్ల డిమ్మర్ల నుంచి వచ్చే సన్నటి జుంయ్‌మనే శబ్దం, ఇన్ని ఉంటాయి. మైకు పెట్టకముందే హెడ్‌ఫోన్స్ పెట్టుకుని గదంతా నడవండి. ఒక్కొక్కటీ ఆపించండి. ఫ్రిజ్జు ఆపినప్పుడు మీ బండి తాళాలు అందులో పెట్టండి. సౌండు వాళ్ళంతా చేసే పని ఇది. తాళాలు లేకుండా ఇంటికి వెళ్ళలేరు కాబట్టి ఫ్రిజ్జు తిరిగి ఆన్ చెయ్యడం మర్చిపోరు. ప్రతి లోకేషన్లో అందర్నీ కదలకుండా నిలబెట్టి ఒక నిమిషం ఖాళీ గది శబ్దం రికార్డు చెయ్యండి. ఎడిటింగులో మాటకీ మాటకీ మధ్య అతుకులు కనబడకుండా చేసేది అదే.

క్లబ్ నడుస్తున్న సీనులో డైలాగు ఉంటే, టేకు జరుగుతున్నంతసేపూ పాట మోగకూడదు. మోగితే తర్వాత డైలాగుని కట్ చెయ్యలేరు, ప్రతి కట్ దగ్గరా పాట ఎగిరి దూకుతుంది. వెనకున్నవాళ్ళు శబ్దం లేకుండా డాన్స్ చెయ్యాలి, పెదాలు కదుపుతూ మాట్లాడుతున్నట్టు ఉండాలి. చెప్పులకి కింద ఫెల్ట్ ముక్కలు అంటించండి. టేకుకి ముందు పాటని కొన్ని సెకన్లు గట్టిగా వేసి అందరికీ తాళం ఒంటికి పట్టాక ఆపేస్తే, ఆ వేగం కాసేపు నిలుస్తుంది. పెద్ద సెట్లలో వేరే ఉపాయం చేస్తారు: పాట బదులు సుమారు 40 హెర్ట్‌జ్‌కి దిగువన ఉండే దరువు మాత్రమే సబ్‌వూఫర్‌లో వేస్తారు. మనిషి మాట అంత కిందికి పోదు కాబట్టి తర్వాత ఫిల్టర్‌తో ఆ దరువు తీసేయొచ్చు, మాట అలాగే ఉంటుంది. మీ క్లబ్బులో మంచి సబ్‌వూఫర్ ఎలాగూ ఉంటుంది, వాడుకోండి.

ఇంకో పెద్ద చిక్కు ఏమిటంటే, నిశ్శబ్దంగా ఉన్న గదిలో నటులు మామూలుగా మాట్లాడేస్తారు. తర్వాత పాట కలిపితే, అంత హోరులో వీళ్ళెలా వింటున్నారని చూసేవాళ్ళకి నమ్మకం పోతుంది. చెవి దగ్గరికి వంగాలి, మెడ సాగాలి, గొంతు పెంచాలి, రెండోసారి అడగాలి. ఆ ఒంటి తీరు మీకు తెలుసు, వాళ్ళకి చూపించండి.

పాట పాడే సీను తీసేటప్పుడు ముందే స్టూడియోలో రికార్డు చేసి, సెట్లో ప్లేబ్యాక్ వేసి తీయడం తేలిక. అయినా పాడేవాళ్ళని నిజంగా, నిండు గొంతుతో పాడమనండి. ఉత్త పెదాలు కదిపితే మెడ నరాలు కదలవు, పొట్ట కదలదు, ఊపిరి తీసుకునే క్షణం కనబడదు. ఆ ఊపిరి తీసుకోవడం కెమెరాకి దొరికితే సగం పాట దొరికినట్టే. లైవ్‌గానే తీయాలనుకుంటే బ్యాండుకి చెవిలో తాళం కొలిచే క్లిక్ ఇవ్వండి, ప్రతి టేకూ ఒకే వేగంలో ఉంటేనే కట్ కలుస్తుంది.

ఫ్రేమ్ రేటు, అంటే సెకనుకి ఎన్ని ఫ్రేములో, షూటింగుకి ముందే తేల్చి, కెమెరా, రికార్డరు, ప్లేబ్యాక్ అన్నిటికీ ఒకటే పెట్టండి. 24కీ 23.976కీ తేడా వెయ్యిలో ఒక వంతే. కానీ నాలుగు నిమిషాల పాట చివరికి వచ్చేసరికి అది పావు సెకను, అంటే దాదాపు ఆరు ఫ్రేములు. పల్లవి దగ్గర సరిగ్గా ఉన్న పెదాలు ఆఖరి చరణానికి మాటతో కలవవు.

బొమ్మ

దీని మీద ఎక్కువ చెప్పను. 2015లో వచ్చిన ‘టాంజెరీన్’ ఐఫోన్ 5ఎస్‌తో తీసిన సినిమా. మీ దగ్గరున్న ఫోనుతో మొదలుపెట్టొచ్చు. క్లబ్ లైట్ల గురించి మాత్రం రెండు సంగతులు. ఎల్‌ఈడీ లైట్లు కంటికి నిలకడగా కనబడినా కెమెరాలో మిణుకుమంటాయి. కరెంటు 50 హెర్ట్‌జ్ ఉన్నచోట షట్టర్ 1/50 లేదా 1/100 సెకను, 60 ఉన్నచోట 1/60 లేదా 1/120 సెకను పెట్టి, షూటింగుకి ముందు రోజే టెస్ట్ చేసుకోండి. డిమ్ చేసిన ఎల్‌ఈడీలు అప్పటికీ మొండికేస్తే వెలుతురు పూర్తిగా పెంచి, ముందు జెల్ కాగితం పెట్టి తగ్గించండి. రెండోది, నీలం, గులాబీ లైట్లు నేరుగా ముఖం మీద పడితే ముఖంలో గీతలన్నీ పోయి ఒకే రంగు ముద్దలా కనబడుతుంది. రంగులు వెనక గోడకి వదిలేసి, ముఖానికి చిన్న తెల్లటి లైటు ఒకటి పెట్టండి.

నటులతో

మన చెవికి ఉండే ఒక అలవాటు ఇక్కడ అడ్డొస్తుంది. డైలాగుకి కూడా మనకి బాణీ వినబడుతుంది. ‘ఇలా అను’ అని పాడి వినిపించాలనిపిస్తుంది. అలా వినిపిస్తే నటుడు మీ బాణీని అనుకరిస్తాడు, అర్థం పోతుంది. బాణీ బదులు ఊపిరి ఇవ్వండి. ‘ఈ మాటకి ముందు గాలి పీల్చి పట్టుకో, ఆమె తలుపు దగ్గరికి వెళ్ళేదాకా వదలకు’ అంటే చాలు, మిగతాది నటుడు చూసుకుంటాడు. మీకు గొంతు మొరాయించిన రాత్రి కీబోర్డు ప్లేయర్ ఏం చేస్తాడు? మీ వంక చూస్తూ, మీరు ఎక్కడ ఆగితే అక్కడ ఆగి, మీరు లేచినప్పుడు లేస్తాడు. సెట్లో డైరెక్టర్ పని అదే.

మీరే నటిస్తుంటే సైజు తగ్గించండి. స్టేజి మీద చెయ్యి ఎత్తితే గానీ ఆఖరి టేబులు వాళ్ళకి అందదు. క్లోజప్పులో కనురెప్ప ఎత్తితే చాలు.

కాగితాలు

కవర్ పాటలు, అంటే ఇతరుల పాటలు, పాడి పెరిగినవాళ్ళకి ఇది కొత్తగా ఉంటుంది. ఏ పాటలోనైనా రెండు హక్కులు ఉంటాయి. ఒకటి రచన మీద, అంటే సాహిత్యం, బాణీ. రెండోది ఆ రికార్డింగు మీద. సినిమాలో ఒక రికార్డు వాడాలంటే రెండు అనుమతులూ కావాలి. మీరే మళ్ళీ పాడి రికార్డు చేస్తే రెండోదాని అవసరం ఉండదు, మొదటిది మాత్రం తప్పదు. క్లబ్ తీసుకున్న లైసెన్సు ఆ గదిలో పాడుకోవడానికే. అదే పాట మీ సినిమాలో వెనక ఎక్కడో పది సెకన్లు మోగినా విడిగా అనుమతి తీసుకోవాలి. ‘పది సెకన్లలోపు అయితే ఫర్వాలేదు’ అనే మాట నమ్మకండి. పాత పాటలు ఉచితం అనుకోవద్దు. చాలా దేశాల్లో రచయిత పోయాక 70 ఏళ్ళు, కొన్నిచోట్ల 60 ఏళ్ళు హక్కు ఉంటుంది.

అందుకే మొదటి సినిమాకి సొంత పాటలు చేసుకోండి. బాణీ కట్టినవాళ్ళు, రాసినవాళ్ళు, వాయించినవాళ్ళు అందరితో రికార్డింగు రోజే సంతకాలు పెట్టించండి. స్నేహితులే కదా అని మొహమాటపడకండి. స్నేహం చెడకుండా ఉండాలనే ఆ కాగితం. ఎవరికి ఎంత వాటా, ఏ ప్లాట్‌ఫామ్‌కి అమ్మినా చెల్లుతుందా అనేవి అందులో ఉండాలి. ఫెస్టివల్స్ వరకే తక్కువ ధరకి అనుమతి ఇస్తామంటే, తర్వాత ఆన్‌లైన్‌లో పెట్టడానికి ఎంత అవుతుందో ఆ రోజే రాయించుకోండి.

పాడేవాళ్ళని డైరెక్టర్‌గా చూడనప్పుడు

చూడరు. ఒక నిర్మాత నా కథంతా విని, కథ మాకిచ్చేసి నువ్వు ఇందులో ఒక పాట పాడమన్నారు. ఇలాంటి మాటలు వింటారు, సిద్ధంగా ఉండండి. అప్పుడు గుర్తుపెట్టుకోవాల్సిన పేర్లు ఉన్నాయి. భానుమతి 1953లో ‘చండీరాణి’ని తెలుగు, తమిళం, హిందీ మూడింటిలోనూ డైరెక్ట్ చేశారు, పాడుతూ, నటిస్తూనే. అమెరికన్ గాయని బార్బ్రా స్ట్రైసాండ్ 1960లో న్యూయార్క్‌లో బాన్ స్వా అనే నైట్ క్లబ్బులో పాడింది. 1983లో ‘యెంటల్’కి తనే డైరెక్టర్, నిర్మాత, రచనలో భాగస్వామి, కథానాయిక. వాళ్ళకి పాట అడ్డం కాలేదు, దాన్ని వదులుకోనూ లేదు.

ఆచరణలో మీరు చెయ్యాల్సింది ఒకటే. మీటింగుకి వెళ్ళేటప్పుడు మీరు తీసిన మూడు నిమిషాల సీను చేతిలో ఉండాలి. కథ చెబితే మీ గొంతే వింటారు. సీను చూపిస్తే మీరు చేసిన పని చూస్తారు.

రఫ్ కట్ నుంచి తెర దాకా

రఫ్ కట్ (మొదటి ఎడిట్) అయ్యాక సినిమా వాళ్ళు కానివాళ్ళని ఐదారుగురిని పిలిచి వేసి చూపించండి. మీరు తెర వైపు చూడకండి. పక్కగా కూర్చుని వాళ్ళని చూడండి. కుర్చీలో కదిలిన చోటు, ఫోను వైపు కన్ను పోయిన చోటు, అందరూ ఒక్కసారిగా కదలకుండా అయిపోయిన చోటు, టైము వేసి రాసుకోండి. తర్వాత వాళ్ళు చెప్పే అభిప్రాయాల్లో మర్యాద కలుస్తుంది. ఒళ్ళు అబద్ధమాడదు. ఏళ్ళ తరబడి స్టేజి మీద నిలబడి నేర్చుకున్న చూపు ఇది, ఎడిట్ రూములో మీకు దీనికి మించిన సాయం లేదు.

ఫెస్టివల్స్‌కి పంపేముందు సినిమాని ఆన్‌లైన్‌లో పెట్టకండి. కొన్ని ఫెస్టివల్స్ మొదటి ప్రదర్శన తమ దగ్గరే కావాలంటాయి. ఎంట్రీ ఫీజులు తొలి గడువుకి తక్కువ, ఆఖరి గడువుకి ఎక్కువ ఉంటాయి కాబట్టి ముందే క్యాలెండర్ రాసుకోండి. సబ్‌టైటిల్స్ మీ పాటలకి కూడా వేయించండి, అర్థం తెలియకపోతే పాట సీను కథ నుంచి విడిపోతుంది. థియేటర్‌లో వేసే కాపీని డీసీపీ అంటారు. అది చేయించాక ఏదైనా ఒక థియేటర్‌లో పూర్తిగా వేసి చూసుకోకుండా ఎక్కడికీ పంపకండి.

ప్రదర్శన రోజు కాస్త ముందే వెళ్ళి ప్రొజెక్షన్ రూములో మాట్లాడండి. థియేటర్ సౌండ్ ప్రాసెసర్ మీద 7 అనేది ప్రామాణిక స్థాయి, మిక్స్ స్టూడియోలో ఆ లెక్కకే చేస్తారు. చాలా థియేటర్లు జనం ఫిర్యాదులకి భయపడి 5కో, అంతకు తక్కువకో దించేసి ఉంచుతాయి. మీది ఏ నంబరు మీద ఉందో మర్యాదగా అడగండి. అన్నిటికంటే పెద్దగా ఉన్న పాట సీనులోంచి ఒక నిమిషం, అన్నిటికంటే చిన్న గుసగుసలోంచి ఒక నిమిషం వేయించుకుని, ముందు వరసలో ఒకసారి, ఆఖరి వరసలో మూలకి వెళ్ళి ఒకసారి వినండి. గుసగుసలో మాట విడిగా వినబడకపోతే అర నంబరు పెంచమనండి. హాలు నిండితే జనం ఒళ్ళే సౌండుని కొంత పీల్చుకుంటుంది కాబట్టి ఖాళీ హాలులో సరిగ్గా ఉన్నదానికంటే ఒక పిసరు ఎక్కువ ఉంచుకోండి. ఆ నంబరు కాగితం మీద రాసి ప్రొజెక్షన్ రూములో ఇచ్చి రండి.